గుప్పెడు పొయ్యి బూడిద

బొమ్మిడాయిని ఒట్టి చేత్తో పట్టుకోలేం. ఒళ్ళంతా జిగురు. పట్టు దొరికిందనుకునేలోపు జారి ఇసుకలో పడుతుంది. అందుకే దాన్ని బూడిదలో దొర్లించి, బండ మీద వేసి, అరచేత్తో అటూ ఇటూ రుద్దుతారు. జిగురంతా బూడిదకు అంటుకుని నల్లటి ముద్దలా ఊడి వస్తుంది. అప్పుడు చేప చేతికి లొంగుతుంది. తల తీసి, వీపు ముల్లు లాగి, నీళ్ళలో రెండుసార్లు జాడిస్తే పులుసుకి సిద్ధం.

మా అమ్మ అంకాలమ్మకు ఈ పని కళ్ళు మూసుకున్నా వచ్చు. దాని మీదే ఆమె బేరం నిలబడి ఉంది.

మాది సముద్రం పక్క పాళెం. మా ఇళ్ళలో మగవాళ్ళు వేటకు పోయేవాళ్ళు. కరెంటు ప్లాంటు వచ్చి, దాని వేడి నీళ్ళు ఒడ్డు దగ్గర కలవడం మొదలయ్యాక, దగ్గర్లో చేప పలచబడింది. మా నాయన మాల్యాద్రి పడవలో తన వాటా వదులుకుని, ఆ ప్లాంటులోనే బొగ్గు మోసే బెల్టు దగ్గర కాంట్రాక్టు పనికి చేరాడు. అమ్మ మాత్రం గంప వదలలేదు. సముద్రం చేప లేకపోతే చెరువు చేప అంది. పొద్దున్నే అల్లూరు వైపు నుంచి వచ్చే ఆటోలో బొమ్మిడాయిలు, కొరమీనులు దించుకుని, ప్లాంటు క్వార్టర్ల గేటు పక్కన బాదం చెట్టు కింద కూర్చుంటుంది. క్వార్టర్లలో ఆడవాళ్ళు చేపలు ఇష్టంగా తింటారు గాని తోమరు. తోమి చేతికిచ్చే మనిషి అక్కడ అమ్మ ఒక్కతే.

ఆదివారాలు నేనూ వెళతాను. తక్కెడ నా పని. మాటలన్నీ అమ్మవి. ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే నేను అమ్మ వైపు చూస్తాను.

"మా వినీల నోట్లో ముత్యాలుండాయమ్మా. రాల్తాయని తెరవదు," అంటుంది అమ్మ. అందరూ నవ్వుతారు. నేను తక్కెడ వైపు చూస్తూ ఉంటాను.

మునుపు బూడిదకు లోటుండేది కాదు. ఇంట్లో కట్టెల పొయ్యి ఉండేది. పొద్దున అన్నం వండాక చల్లారిన బూడిద తీసి, జల్లించి, డబ్బాలో పోసేది అమ్మ. పొగకు ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. చలికాలం దగ్గు పట్టుకుంటే వేసవి దాకా వదిలేది కాదు. గ్యాసు పొయ్యి వచ్చాక దగ్గు తగ్గింది. అప్పుడు నాయన పొయ్యిని పగలగొట్టి, ఆ చోట ఫ్రిజ్ పెట్టాడు. ఫ్రిజ్ వెనక గోడ ఇప్పటికీ నల్లగానే ఉంది.

దాచిన బూడిద కొన్నాళ్ళకు అయిపోయింది. అప్పుడు అమ్మ కంట్లో రోడ్డు మలుపు పడింది. ప్లాంటు నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద తీసుకుపోయే ట్యాంకర్లు ఆ మలుపులో నిదానిస్తాయి. ఎక్కడో మూత సరిగా పడక కారిన బూడిద రోడ్డు వారన తెల్లగా పేరుకుని ఉంటుంది. అమ్మ చేటతో ఎత్తి నూనె డబ్బా నింపుకుని వచ్చింది.

"మైదాపిండి మాదిరుండాది చూడు. జల్లించే పని గూడా లే," అని నా చేతిలో చిటికెడు వేసింది. నిజంగానే మెత్తగా ఉంది. చేతి గీతల్లోకి దిగిపోయి, కడిగినా పోలేదు.

బూడిద బూడిదే కదా అనుకుంది అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను. కాలింది ఏదైనా మిగిలేది బూడిదే. పాళెంలో కొందరు ఆడవాళ్ళు కూడా గిన్నెలకని ఎత్తుకుపోయారు. అమ్మ వేళ్ళ సందుల్లో తోలు పగలడం మొదలైంది. చేప ముళ్ళు గుచ్చుకుని అలా అయిందనుకుని కొబ్బరినూనె రాసుకునేది.

ఆ ఆదివారం ఉష గారు వచ్చారు. ఆమె భర్త ప్లాంటులో ఇంజనీరు. ఎప్పటినుంచో మా దగ్గరే కొంటారు. నాకు ఒకసారి జామెట్రీ బాక్సు కూడా ఇచ్చారు. స్కూటీ దిగి, డబ్బా వైపు కాసేపు చూసి అడిగారు.

"అంకాలమ్మా, ఆ బూడిద ఎక్కడిది?"

"మన ప్లాంటుదేనమ్మా." అమ్మ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఎంత మెత్తంగా ఉండాదో చూడండి." చిటికెడు తీసి ఆమె ముందుకు చాపింది.

ఉష గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మొన్న మలుపు దగ్గర చూశాను. నువ్వు కాదేమోలే అనుకున్నాను. అది పొయ్యి బూడిద కాదు అంకాలమ్మా. రాతిబొగ్గుది. అందులో ఏవేవో లోహాలు ఉంటాయని మావారే చెబుతారు. తినే వస్తువుకి అది రుద్దుతారా?"

"కడుగుతాను కదమ్మా. రెండుసార్లు జాడిస్తాను."

"కడిగితే పోయేది కాదు."

పక్కన నిలబడి ఉన్న ఇంకొకావిడ, చేపల కవరు అందుకోబోయి ఆగిపోయింది. "అమ్మో, మా చిన్నాడికి నెలనెలా ఇవే పెడుతున్నాను," అంటూ కవరును బండ మీదే వదిలేసి లోపలికి వెళ్ళింది. మేము సామాను సర్దుకునేలోపే ఆ మాట క్వార్టర్ల ఫోన్లన్నిటికీ చేరింది. సెక్యూరిటీ అన్న వచ్చి, మొహం పక్కకు పెట్టుకుని చెప్పాడు.

"అక్కా, రేపటి నించి ఈడ కూర్చోవద్దంట. నన్నేమనబాక. మేడాలు చెప్పినారు."

అమ్మ పగిలిన వేళ్ళను కొంగుకు తుడుచుకుంది. తోమని బొమ్మిడాయిలు గంపలో ఇంకా కదులుతున్నాయి.

ఉష గారు గేటు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి వచ్చారు. ఆమె మొహం చూస్తే ఈ గొడవ తన వల్లే వచ్చిందని బాధపడుతున్నట్టు అనిపించింది.

"అంకాలమ్మా, వచ్చే ఆదివారం మా అత్తగారు వస్తున్నారు. బొమ్మిడాయిల పులుసు అడిగారు. అసలైన పొయ్యి బూడిద తెచ్చి నా కళ్ళ ముందు తోము. నేను చూసి అందరికీ చెబుతాను. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. అంతవరకు మాత్రం కూర్చోకు."

"తెస్తానమ్మా. పొయ్యి బూడిదకేం భాగ్యం," అంది అమ్మ.

ఆ రాత్రి మా కంచాల్లో అమ్ముడుపోని చేపలే. నాయన బొగ్గు మసి పూర్తిగా వదలని చేతుల్తో అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

"ప్లాంటోళ్ళే ప్లాంటు బూడిద వొద్దంటే, ఇంక దాన్ని ఎవురికంటగట్టేది?"

"నీ ఎగతాళి నాకొద్దు. తిను."

"ఎగతాళి కాదే. ఉప్పేసి తోమరాదా?"

"కొరమీనైతే ఉప్పుకి లొంగతాది. బొమ్మిడాయి తోలు చీలిపోతాది. పడవెక్కినోడివి, నీకు తెలవదా?"

"చేప పట్టేది తెలుసు, తోమేది నాకెందుకు తెలుస్తాది," అన్నాడు నాయన.

మరుసటి రోజు సాయంత్రం అమ్మ పెరట్లో ఎండిన తాటాకులు కుప్పేసి కాల్చింది. మంట ఎత్తుగా లేచింది. ఆరిపోయాక చూస్తే సముద్రపు గాలికి సగం ఎగిరిపోయింది. మిగిలింది ఎత్తబోతే కింది మట్టి కూడా వచ్చింది. మా పెరట్లో మట్టి మట్టి రంగులో లేదు. ఏళ్ళ తరబడి రాలిన ప్లాంటు దుమ్ము అందులో ఇంకి బూడిద రంగుకు తిరిగింది. అమ్మ చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"దీంట్లో ఏది ఆకుదో ఏది ప్లాంటుదో దేవుడికే తెలవాల," అని పారబోసింది.

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు పో. పాళెంలో యాడైనా పొయ్యి బూడిద ఉందేమో అడుగు. నేను పోతే ప్లాంటు బూడిద అంకాలమ్మ వచ్చిందని నవ్వతారు."

ఇంటింటికీ వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి, నోరు తెరిచి అడగాలి. అదీ బూడిద.

రెండు రోజులు ఏదో ఒక సాకు చెప్పాను. హోంవర్కు ఉందన్నాను. కడుపు నొప్పన్నాను. అమ్మ బలవంతం చేయలేదు. గేటు దగ్గరికి పోయే పని లేక, పొద్దున్నే లేచి ఖాళీ గంపను కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కడిగేది. అది చూడలేక ఒప్పుకున్నాను.

అదే వారం బళ్ళో విజయభాస్కర్ సార్ విద్యుత్తు పాఠం చెప్పారు. దేశంలో కరెంటు వేటి నుంచి ఎంత వస్తుందో పుస్తకంలో ఒక గుండ్రటి బొమ్మ ఉంది. బొగ్గు ముక్కే అన్నిటికంటే పెద్దది. కొత్త పుస్తకాల్లో ఆ ముక్క కొంచెం చిన్నదవుతోందని, సూర్యుడి ముక్క, గాలి ముక్క పెరుగుతున్నాయని సార్ చెప్పారు.

"అంటే బొగ్గు తగ్గిపోతుందా సార్?" అని పెంచలకృష్ణ అడిగాడు. వాళ్ళ అన్న కూడా మా నాయనతో పాటే బెల్టు దగ్గర పని చేస్తాడు.

సార్ కిటికీలోంచి బయటికి చూశారు. మా తరగతిలో ఎటు కూర్చున్నా ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి.

"మీ ఇంట్లో పులుసు పెడతారు కదరా. చిన్న కుండ. అందులో ముప్పాతిక చేపలే. ఇంటికి చుట్టాలొచ్చారు. కుండ పెద్దది చేశారు. చేపలు ఇంకొన్ని వేశారు, సరిపోక వంకాయలు, ములక్కాయలు కూడా వేశారు. ఇప్పుడు కుండలో చేపల వాటా తగ్గింది. చేపలు తగ్గినాయా?"

"లేదు సార్. ఎక్కువైనాయి."

"అంతే. చుట్టాలు ఇంకా వస్తూనే ఉన్నారు. మా నాన్న చదువుకునే రోజుల్లోనూ పుస్తకంలో ఇదే రాశారట, బొగ్గు ఇక కొంతకాలమే అని. నేను చదువుకున్నప్పుడూ అదే. మీకూ అదే చెబుతున్నాను." సార్ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి."

ఆ సాయంత్రం మూత ఉన్న పాల డబ్బా ఒకటి తీసుకుని బయల్దేరాను.

మొదటి ఇంట్లో కరెంటు స్టవ్వు. రెండో ఇంట్లో గ్యాసు. మూడో ఇంటావిడ, "పొయ్యా? మా పెళ్ళప్పుడుండేది మే," అని నవ్వి, మా అమ్మ ఎలా ఉందని అడిగింది. నేను తలూపాను. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే అక్క గ్యాసు బండ చూపించింది. ప్రతి ఇంట్లోనూ ముందు "ఏంది?" అన్నారు, రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ప్రతి ఇంట్లోనూ కిటికీ రెక్కల మీద, నీళ్ళ డ్రమ్ము మూత మీద, తులసి కోట మీద బూడిద ఉంది. పొయ్యి బూడిద మాత్రం ఎక్కడా లేదు.

రోడ్డు మీద టీ కొట్టు ముత్యాలయ్య తాత దగ్గర బొగ్గుల కుంపటి ఉండేదని గుర్తొచ్చి అక్కడికి వెళ్ళాను. కుంపటి లేదు. గ్యాసు మీద పాలు మరుగుతున్నాయి. లారీ డ్రైవర్లు కూర్చుని ఉన్నారు.

"ఏందమ్మే, డబ్బా పట్టుకోని తిరగతాండావు? పాలకా?"

"బూడిదకి తాతా."

"ఏందీ?"

"పొయ్యి బూడిద."

తాత చేతిలోని గరిటె ఆగింది. డ్రైవర్లు నా వైపు చూశారు.

"ఈ పాళెంలో బూడిద అడుక్కునే దాన్ని నిన్నే చూసినా మే. బయట నిలబడి మూత తెరువు, తెల్లారేసరికి అదే నిండతాది."

డ్రైవర్లు నవ్వారు. తాత అరలోంచి విభూతి పొట్లం ఒకటి తీసి, "నా కాడ ఉండే బూడిద ఇదొక్కటే. తీసుకో. చేపలకి అడ్డనామాలు పెట్టుకోండి," అన్నాడు. మళ్ళీ నవ్వారు.

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక తాత పిలిచాడు. ఈసారి గొంతు మామూలుగా ఉంది.

"చర్చి వీధిలో రెబెక్కమ్మ ఉండాది చూడు. ఆ ముసల్ది ఇంకా కట్టెల మీదే నీళ్ళు కాచుకుంటాది. ఆడికి పో."

రెబెక్కమ్మ అవ్వ ఇల్లు చర్చి వెనక ఉంది. నేను వెళ్ళేసరికి ఆమె పెరట్లో పొయ్యి ముందు కూర్చుని, సరుగుడు పుల్లలు విరిచి పెడుతోంది. పొయ్యి మీద నల్లటి డేగిసాలో నీళ్ళు. పైన రేకు పందిరి ఉంది. పక్కన గోడకు ఆనించి గీజరు పెట్టె, ఇంకా అట్ట కూడా విప్పలేదు.

"అంకాలమ్మ కూతురివి కదా. రా బిడ్డా, కూర్చో."

నేను డబ్బా ముందుకు పెట్టాను. ఎందుకొచ్చానో చెప్పడానికి మాటలు కూడదీసుకుంటున్నాను. ఆమెకు చెప్పే అవసరం రాలేదు.

"బూడిదకేనా? మీ అమ్మ సంగతి విన్నాలే. చర్చిలో గూడా చెప్పుకున్నారు." ఆమె నా వైపు చూడకుండానే పుల్ల తోసింది. "మా కొడుకు కృపాదానం ఆ పెట్టె తెచ్చి ఏడాదైపోయింది. స్విచ్చి వేస్తే నీళ్ళు కాగతాయంట. నాకొద్దురా, కరెంటు నీళ్ళు ఒంటికి పట్టవని చెప్పినా. ఇప్పుడు చూడు, నా పొయ్యి కాడికి నువ్వొచ్చినావు."

నీళ్ళు సలసలమనడం మొదలైంది. ఆమె మాట్లాడుతూనే ఉంది, నాతోనో పొయ్యితోనో తెలియనట్టు.

"నా చిన్నప్పుడు ఈ వీధికి కరెంటు లేదు బిడ్డా. ముందు చర్చికే వచ్చింది. అయ్యగారు అందర్నీ కళ్ళు మూసుకోమని ప్రార్థన చేసినాడు. పెద్ద ప్రార్థన. ఆమేన్ అని కళ్ళు తెరిస్తే పైన బల్బు వెలగతా ఉండాది. మా అమ్మ ఏడ్చింది. అప్పుడు గూడా అది బొగ్గు కరెంటేనంట. యాడో దూరంగా కాల్చేవాళ్ళంట. దీపం మనకొచ్చింది, బూడిద వాళ్ళకి పడింది. వాళ్ళెవురో మనం ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు ఈడ కాలస్తాండారు. దీపం యాడికో పోతాంది. బూడిద మనకి. ఆడుండేవోళ్ళు మాత్రం మనల్ని అడగతారా?"

ఆమె జవాబు కోసం చూడలేదు. కొబ్బరి చిప్పతో పొయ్యి వారన చల్లారిన బూడిద తీసి డబ్బాలో పోసింది. ప్లాంటు బూడిదలా మెత్తగా లేదు. చిన్న చిన్న బొగ్గు తునకలున్నాయి. పుల్ల వాసన వస్తోంది. మా పాత పొయ్యి వాసన.

"ఒక్క ఆదివారానికి చాలతాది. ఇంక ఉండేది నా గిన్నెలకే బిడ్డా. ముసల్దాని నీళ్ళ పొయ్యికి ఎంత బూడిద వస్తాది? మూత గట్టిగా పెట్టుకోని పో."

డబ్బాను గుండెకు ఆనించుకుని ఇంటికి వచ్చాను. అమ్మ మూత తీసి, వాసన చూసి, చాలాసేపు డబ్బా వైపే చూసింది. "అడిగినావా?" అంది. తలూపాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి వేసింది. చేతిలో చేప వాసన లేదు. ఆదివారం నుంచి లేదు.

ఆదివారం పొద్దున్నే బాదం చెట్టు కింద చాప పరిచాం. చర్చి గంట వినిపిస్తోంది. సెక్యూరిటీ అన్న మమ్మల్ని చూసి, చూడనట్టు అటు తిరిగాడు. ఉష గారు అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చారు. ఆ వెనకే క్వార్టర్ల ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి దూరంగా నిలబడ్డారు. చేపలు కొనడానికో, చూడటానికో తెలియదు.

అమ్మ అప్పటికే చేతులు గంపలో పెట్టింది. బొమ్మిడాయి ఒకటి మణికట్టుకు చుట్టుకుంది.

ఉష గారు అమ్మను అడగలేదు. నా ముందు వంగి అడిగారు. "పాపా, నువ్వు చెప్పు. ఇది ఎక్కడి బూడిద?"

నేను అమ్మ వైపు చూశాను. ముత్యాల మాట చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. బొమ్మిడాయిని పట్టుకుని నా నోటి వైపే చూస్తోంది. దూరంగా ఉన్నవాళ్ళు కూడా చూస్తున్నారు.

"రెబెక్కమ్మ అవ్వ ఇంటిదండి," అన్నాను. ఎవరికీ వినపడలేదని తెలిసి మళ్ళీ చెప్పాను. "చర్చి వీధిలో రెబెక్కమ్మ అవ్వ నీళ్ళు కాచుకునే పొయ్యిది. సరుగుడు పుల్లలది."

"ప్లాంటుది కలవలేదు కదా?"

అవ్వ పెరట్లో పందిరి రేకు మీద కూడా బూడిద ఉంది. దారిలో నా తల మీదా పడింది.

"లోపల కలవలేదండి. మూతేసి తెచ్చినాను. పడిందంతా మూత మీదే పడింది."

ఉష గారు మూత వైపు చూశారు. పొద్దున ఇంటి దగ్గర తుడిచాను. అప్పుడే దాని మీద పలుచగా తెల్లటి పొర పడి ఉంది.

ఆమె అత్తగారు మాత్రం స్కూటీ దిగి వచ్చి, డబ్బాలో వేలు పెట్టి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది. "ఇది పొయ్యిదేనమ్మా. తునకలున్నాయి. మేమూ ఇలాగే తోమేవాళ్ళం, పిడకలు కాల్చిన కచ్చిక బూడిదతో. కానీయండి, ఎండెక్కుతోంది."

అమ్మ బండ మీద బూడిద చల్లింది. చేప దొర్లింది. చెయ్యి కదిలింది. నేను తక్కెడ పట్టుకున్నాను.

దూరంగా నిలబడ్డవాళ్ళలో ఇద్దరు దగ్గరికి వచ్చారు. ఒకావిడ కొరమీను అడిగింది. ఉష గారు ఫోనులో అమ్మ తోముతుండగా ఫొటో తీసి ఎవరికో పంపారు. కవరు అందుకుని, స్కూటీ దగ్గరికి వెళ్ళి, ఎక్కబోయే ముందు సీటును అరచేత్తో తుడిచారు. అక్కడ అందరూ అలాగే తుడుచుకుని కూర్చుంటారు, అలవాటు. అరచేయి తెల్లబడింది. ఆ చేత్తోనే కవరు సర్దుకున్నారు.

"అంకాలమ్మా, వారం వారం ఇదే బూడిద తేవాలి. మళ్ళీ ఇంకోటి తేవద్దు."

"అట్నేమ్మా," అంది అమ్మ.

గంప ఖాళీ అయ్యేసరికి డబ్బా కూడా అడుగంటింది. వచ్చే వారానికి బూడిద ఎక్కడిదన్న మాట ఇంటికి నడుస్తూ ఇద్దరం ఎత్తలేదు. మలుపు దగ్గర ఒక ట్యాంకరు నిదానించి, తిరిగి, వెళ్ళిపోయింది. రోడ్డు వారన తెల్లగా కొత్త కుప్ప. అమ్మ దాన్ని చూసి, చేట కోసం చూసుకోబోయి, ఆగింది.

సాయంత్రం నాయన పని నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో గోడ పక్కన కూర్చుని ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకలు పక్కన పెట్టుకుంది. ప్లాంటు బూడిదతో చేసిన తెల్లటి ఇటుకలు. ఇప్పుడు మా పాళెంలో ఇళ్ళన్నీ వాటితోనే కడుతున్నారు.

"ఏందే అది?"

"పొయ్యి."

నాయన కాసేపు నిలబడి చూశాడు. "గ్యాసు బండ ఇంట్లో పెట్టుకోని కట్టెల పొయ్యి వేసేదాన్ని నిన్నే చూసినా."

"అన్నానికి కాదు. బూడిదకి."

"కరెంటు ప్లాంటోళ్ళు చేపలు తినాలంటే మనం కట్టెలు కాల్చాల్నా?"

అమ్మ మూడో ఇటుక పెట్టింది. నాయన ఇంకొక మాట అనబోయాడు. ఆమె వేళ్ళ సందుల్లో పగుళ్ళు చూశాడేమో, అనలేదు. కూర్చుని, మూడో ఇటుక వంకరగా ఉంటే సర్దాడు. తర్వాత లేచి, దోవలో కొట్టిపడేసిన సరుగుడు కొమ్మలు ఎక్కడైనా ఉన్నాయేమోనని చూడటానికి వెళ్ళాడు. ఆయన చొక్కా వీపు మీద బొగ్గు నలుపు అలాగే ఉంది.

పైన రేకు లేదు గనక పాత తలుపు చెక్క ఒకటి అడ్డం పెట్టాం, పై నుంచి ఏమీ పడకుండా. వాన కోసం కాదు.

ఇప్పుడు నేను రోజూ కొంచెం ముందు లేస్తాను. పొయ్యి నేనే రాజేస్తాను, అమ్మను దగ్గరికి రానివ్వను. పచ్చి పుల్లలు త్వరగా అంటుకోవు. ఊదుగొట్టంతో ఊదుతుంటే పొగ నా మొహం మీదికే వస్తుంది. గోడ అవతల ప్లాంటు పొగగొట్టాల నుంచి కూడా పొగ లేస్తూ ఉంటుంది, తీరిగ్గా, ఎవరూ ఊదకుండానే. కట్టెలు ఊరికే ఎందుకు కాలాలని అమ్మ అన్నం గిన్నె కూడా దాని మీదే పెడుతుంది. ఎంత వద్దన్నా మంట సర్దడానికి వచ్చి కూర్చుంటుంది. రెండు రోజుల నుంచి మళ్ళీ దగ్గుతోంది.

"పొగ కాదు మే, గొంతులో ఏదో పడింది," అంటుంది.

అన్నం ఉడికాక మంట తీసేసి, చల్లారేదాకా ఆగి, బూడిదను కొబ్బరి చిప్పతో డబ్బాలోకి ఎత్తుతాను. గుప్పెడు వస్తుంది, ఒక్కోరోజు గుప్పెడున్నర. మూత పెట్టే ముందు దాని మీది తెల్లపొరను నా పావడా అంచుతో తుడుస్తాను. మూత గట్టిగా నొక్కి, బళ్ళోకి వెళతాను.